శశిభూషణ్ సారు పొద్దటి నడక

ఏందే భూమికా, గట్ల రొప్పుకుంట నిలవడ్డవ్? రా, కూసో. ఈ బల్ల మీద జాగ మస్తున్నది, నేనొక్కన్నే. నాకేం తొందర బిడ్డా, ఇంటికి పోతే మా కోడలు ఇడ్లీలు పెడ్తది, తిని పేపర్ ముందటేసుకొని కునుకుడే. మోకాలు గూడ ఇయ్యాల జర సతాయిస్తున్నది, గేటు కాడికెల్లి ఈడిదాక వచ్చేసరికే పట్టేసింది. గా ఇద్దరు పిలగాండ్లు ఎవరు, నీకు చెరొక దిక్కు ఉరికినోళ్లు? ఒకడు బక్కగ, చెవులల్ల గవేవో పెట్టుకొని... నీ కంపెనీలోళ్లేనా? అచ్ఛా, అచ్ఛా. మీ అమ్మ మొన్న లిఫ్టుల కలిసింది. 'మా అమ్మాయిని సీఈఓని చేశారండీ' అని ఒకటే మురుసుడు. నాకు గూడ సంబురమైంది, మన అపార్ట్‌మెంటుల గింత పెద్ద మనిషి ఉన్నదని. నవ్వకు, నిజంగనే చెప్తున్న. రాత్రిళ్లు ఫోన్‌ల వీడియోలు చూస్తవంట గద, టీం ఎట్ల కట్టాలె, దాన్ని ఎట్ల నడిపించాలె అని? అన్ని చెప్పింది మీ అమ్మ. అగో, ఫోన్ మోగుతున్నది. ఎవరు? నిరోషనా? నీ కంపెనీలనేనా? మరి ఎత్తవైతివి? ఆఫీసుకు పోయినంక చెప్తవా? ఏం చెప్తవు? ఓహో, గా ఇద్దరితోటి నడుస్తనే అంత ఫైనల్ చేసేసినవా. నిరోషకు సంటిపిల్ల, పొద్దుగాల రాలేదా. హూఁ. ఎట్లైనా ఒప్పుకుంటదంటవా. గట్లనా. కాదు బిడ్డా, నేనేమన్న అన్ననా? ఏం అనలే. లేసులు కట్టుకోకు, జర ఆగు. నీకు శశిభూషణ్ సారు ముచ్చట చెప్పిన్నా ఎప్పుడన్న? చెప్పలే? అయ్యో, ఇదే బల్ల మీద కూసుంటుండె ఆయన. నువ్వు కూసున్న కాడనే.

సారుది గోదావరి దిక్కు. ఈ యూనివర్సిటీ క్యాంపస్‌లనే కెమిస్ట్రీ చెప్తుండె. ఒకపారి చదువుకునే పిల్లల్ని నల్లగొండ దిక్కు ఊర్లకు తీస్కపోయిండంట, నీళ్ల పరీక్షలు నేర్పేటందుకు. గాడ ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరవోయిన పోరగాండ్లను చూసిండు. చూసొచ్చినంక ఆయనకు పాఠం చెప్ప మనసొప్పలే. సర్కారు నౌకరి ఇడిసిపెట్టిండు, ఇంట్లోళ్లు నెత్తి నోరు కొట్టుకున్నా విన్లే. తార్నాకల ఒక మందుల షాపు మీద రెండు రూములు కిరాయికి తీస్కొని కంపెనీ పెట్టిండు. జలసాక్షి అని పేరు. ఏం చేస్తదంటే, గింతంత డబ్బా. అండ్ల ఒక గాజు గొట్టం, ఒక మందు సీస. నీ ఊరి నీళ్లు గొట్టంల పోసి మందు చుక్కలేస్తే గులాబి రంగొస్తది. రంగు గట్లనే నిలిస్తే నీళ్లు మంచియి. పసుపు దిక్కు తిరిగితే ఫ్లోరైడు ఉన్నట్టు, తాగొద్దు. చదువు రానోళ్లు గూడ చేసుకోవచ్చు. నేను గప్పుడు కాచిగూడల ఒక లాడ్జికి మేనేజర్‌గ ఉంటుంటి. ఆ లాడ్జి ముచ్చట్లు చెప్తే తెల్లారిపోతది, రైలు తప్పినోళ్లు, ఇంట్లకెల్లి పారిపోయినోళ్లు... సరే, అవి మల్లెప్పుడన్న. సారు పిలిచి ఆఫీసు చూసుకోమన్నడు. తాళంచేతుల కాడికెల్లి చాయ్ దాక నేనే. 'రాజలింగం గారూ, మీరుంటే నాకు దిగులు లేదండీ' అంటుండె. మా ఇంట్ల గూడ అందరు లింగు అనేటోళ్లే, ఆయనొక్కడే నన్ను రాజలింగం గారిని చేసిండు. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నరు, ఎవరి అమ్మకు షుగరున్నది, అన్ని యాదికుంటుండె ఆయనకు. మంచోడు బిడ్డా. నేను చెప్పేది మంచోని ముచ్చటే. చెడ్డోని ముచ్చటైతే ఇండ్ల ఇంత సిగ్గు ఉండకపోవు.

కంపెనీ పెరిగింది. నాచారంల షెడ్డు వేసిండ్రు, మనుషులు పెరిగిండ్రు. ఇగ సారొక్కనితోటి కాలే. ముగ్గుర్ని పెట్టుకున్నడు. ఊకనే గాదు, మస్తు ఆలోచించి పెట్టుకున్నడు. అమ్మకానికి ఆత్రేయ. వాడు నోరు తెరిస్తే ఎదుటోడు డబ్బా కొనాల్సిందే, ఇంటికి పోయినంక ఎందుకు కొన్ననా అని ఆలోచించాల్సిందే. లెక్కలకు బుచ్చిబాబు, మెత్తటి మనిషి, గట్టిగ దగ్గడు గూడ. మందు, తయారి, పరీక్షలు, అన్నిటికి రాజశ్రీ మేడం. డాక్టర్ రాజశ్రీ, సారు దగ్గరనే పీహెచ్‌డీ చేసింది. సిద్దిపేట దిక్కు పిల్ల, పెండ్లైనంక గోల్నాకల ఉంటుండె. అత్త పక్షవాతంతోటి మంచంల. పొద్దుగాల అత్తకు ముఖం కడిగి, తినవెట్టి, పిల్లల్ని బడికి తోలి, బస్సెక్కి తార్నాకల దిగేటాల్లకు మనిషి సగమైతుండె. గని నోరు? అబ్బో! తప్పు కనవడ్డదంటే సారని చూడదు, సర్పంచని చూడదు. 'గిదెట్ల సార్? ఎందుకు సార్? ఎవరు చూసిండ్రు సార్?' ఆమె వస్తున్నదంటే నేను గూడ చాయ్ గ్లాసు పక్కకు పెట్టి సక్కగ కూసుంటుంటి. వచ్చినోళ్లందరికి సారు చెప్తుండె, 'మా ముగ్గురూ మూడు కాళ్ళండీ, పీట కదలదు' అని. మనిషిని చూసి ఏరుకునుడు ఆయనకు బాగ తెలుసు, ఆ మాట ఇప్పటికి గూడ అంట. ఏరుకున్నంక వాళ్లను ఏడ కూసోవెట్టాలె అన్నదే తెల్వలే.

ఆయనకు పొద్దటి నడక పిచ్చి. తార్నాకోళ్లకు ఎవరికి లేదు చెప్పు? తెల్లారకముందే గేటు కాడ జాతర. గప్పుడు మెట్రో లేకుండె, పిల్లర్ల కోసం రోడ్డంత తవ్విపెట్టిండ్రు, దుమ్మంటే దుమ్ము. క్యాంపస్‌ల అడుగువెడితెనే ఊపిరాడుతుండె. ఇప్పుడు మీరు చేతికి వాచీలు కట్టుకొని నడుస్తరు, అది చెప్పినన్ని అడుగులు పడకపోతే ఇంట్ల పండ్లు తోముకుంట గూడ గంతులేస్తరు. మా మనుమడు గంతే, నడిజాముల హాల్ల తిరుగుతుంటే నేను దొంగ అనుకొని కట్టె పట్టుకున్న... ఏం చెప్తుంటి? ఆఁ, నడక. సారు బారెడు బారెడు అంగలేసేటోడు. ఆత్రేయ ఇల్లు పక్క గల్లీలనే, బుచ్చిబాబుది హబ్సిగూడ. ఇద్దరు బూట్లేసుకొని సారు గేటు కాడికొస్తుండిరి, ముగ్గురు కలిసి ఆర్ట్స్ కాలేజి దాక పోయి మళ్లొస్తుండిరి. మొదట్ల పాటలు, రాజకీయాలు, అల్లుళ్ల ముచ్చట్లు. మెల్లగ ఆఫీసు ముచ్చట్లు జొర్రినయి. ఎవర్ని పనిల పెట్టుకోవాలె, ఏ జిల్లాకు పోవాలె, గొట్టాలు ఏడ కొనాలె. సారు ఉరుక్కుంటనే అడుగుతడు, 'ఇలా చేద్దామనుకుంటున్నాను, ఏమంటారు?' అరె, ఆ ఉరుకుల ఏమంటరు? కాదు అనాలంటే ఎందుకు కాదో చెప్పాలె. చెప్పేటందుకు ఊపిరేది? బుచ్చిబాబు పొట్ట ఆయనకంటె ముందుగాల ఉరుకుతుండె, దాని ఎన్క ఆయన. 'అవును... సార్.' గంతే, అయిపోయింది. ఆత్రేయదేమో 'సూపర్ సార్.' సారు ఆఫీసుకొచ్చి నాతోని సంబురంగ అంటుండె, 'చూశారా రాజలింగం గారూ, గదిలో పూట పూటంతా నలిగేది నడకలో చిటికెలో తేలిపోతోంది.' తేలుడేంది నా తలకాయ, గాలాడక ఒప్పుకునుడు గది. నువ్వు గూడ గదే అంటున్నవ్ చూడు, టైం కలిసొస్తది అని. కలిసొస్తది బిడ్డా, నేనేం కాదంటలేను. ఎవరి టైమో గదే చూడాలె.

సోమవారం పదకొండు కొట్టంగ ఆఫీసుల మీటింగు. సారు, ముగ్గురు, బల్ల మీద ఉస్మానియా బిస్కెట్లు, చాయ్. రాజశ్రీ మేడం ఆదివారం అంత గా మీటింగుకే తయారైతుండె, అత్త మంచం పక్కన కూసొని. వచ్చి ఒక్కొక్కటే అడుగుతుండె, కొట్లాడుతుండె. వీళ్లిద్దరేమో బిస్కెట్టు చాయ్‌ల ముంచుకుంట తలకాయలూపుతుండిరి. సారు గూడ మెత్తగ వింటుండె, 'మంచి పాయింటమ్మా' అని. ఆఖరుకు అడుగుతుండె, 'అందరూ ఒప్పుకున్నట్టేగా?' 'ఒప్పుకున్నట్టే సార్.' ఇద్దరొక దిక్కు, ఆమె ఒక దిక్కు. పాపం, ఆమెకేం ఎరుక? వీళ్లందరికి కనవడేది నాకే కనవడతలేదేమో, నా తెలివే తక్కువేమో అని ఇంటికి పోయి తననే తిట్టుకునేదంట. పొద్దుగాలనే కుదిరిపోయిన పనికి ఆమె పదకొండింటికి గొంతు చించుకుంటుండె, వీళ్లు చాయ్ తాగుకుంట చూస్తుండిరి. గా ముచ్చట చెప్పేటప్పుడు సారు ఈ బల్ల మీద కూసొని రెండు చేతుల్ల ముఖం పెట్టుకుంటుండె. ఆఁ, ఇవన్ని నాకెట్ల ఎరుకంటే, ఆయనే చెప్పిండు. పొద్దుగూకంగ ఈడ కూసొని, ఒక్కొక్కటి తవ్వుకొని తవ్వుకొని చెప్తుండె.

ఒక్కపారి ఆమె గూడ నడకకొచ్చింది తెలుసా? సార్ వాళ్లు పొద్దుగాల జమైతరని ఎవరో చెవుల వేసిండ్రు గావొచ్చు. వాళ్లు మాట్లాడుకుంటరని తెలుసు గని, అన్ని గాడనే ఫైనల్ చేస్తరని తెల్వదు. అత్తను ఆడబిడ్డకు ఒప్పజెప్పి, మబ్బుల, చీకటుండంగనే లేచి ఆటో పట్టుకొని గోల్నాకకెల్లి వచ్చింది. చీర, కాళ్లకు మామూలు చెప్పులు. 'రామ్మా రా, చాలా సంతోషం' అన్నడు సారు. అని నడక మొదలువెట్టిండు. తగ్గించలే బిడ్డా, ఒక్క అడుగు గూడ తగ్గించలే. ఆమె కొంగు చెక్కుకొని కొంచెం దూరం ఉరికింది, ఇగ ఎన్కవడ్డది. వీళ్లు ముగ్గురు ఆర్ట్స్ కాలేజి దాక పోయి మళ్లొస్తుంటే, ఆమె తొవ్వల ఒక గోడ మీద కూసొని తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుంటున్నదంట. 'గుడ్ మార్నింగ్ మేడం, ఆఫీసులో కలుద్దాం' అని ఆత్రేయ చెయ్యూపిండు. సారేం జేసిండు? నవ్విండు. నవ్వి దాటిపోయిండు. ఆ నవ్వు ముచ్చట నాకు ఎన్నిమార్లు చెప్పిండో లెక్కలేదు. 'ఆగొచ్చు కదండీ నేను? ఆగి ఆవిడ పక్కన కూర్చోవచ్చు కదా? ఎందుకు ఆగలేదో తెలుసా రాజలింగం గారూ? ఆవిడ వస్తే నడక ఆలస్యమవుతుందని కాదు. ప్రశ్నలొస్తాయని. ఆవిడ లేకపోతే నాకు హాయిగా ఉండేదండీ' అన్నడు. నేనేమనాలె? 'పోనియ్యుండ్రి సార్' అన్న. ఆయన పోనియ్యలే.

ఇగ అసలు ముచ్చటకొస్త. మందు మొదటికెల్లి గాజు సీసలల్ల పోతుండె. గాజు బరువు, తొవ్వల పగులుతుండె. ప్లాస్టిక్ సీసలకు మారుద్దామన్నరు, మంచిదే. గని రాజశ్రీ మేడం అన్నది, ప్లాస్టిక్కుల మందు ఎండకు ఎట్లుంటదో మనకు తెల్వదు, ఒక్క ఎండకాలం షెడ్డుల పెట్టి చూద్దాం, దసరా అయినంక అమ్ముదాం అని. గింతే. పెద్ద మాటనా? కాదు. ఆత్రేయకు తొందర. ఎండకాలంలనే ఊర్లల్ల నీళ్ల తిప్పలు, గప్పుడే డబ్బా పోతది. క్యాంపస్‌ల ఆడిటోరియం దొరుకుతున్నది, సర్పంచులందర్ని పిలిచి పెద్దగ చేద్దామన్నడు. ఏడ అన్నడు? నడకల, లా కాలేజి మలుపు కాడ. సారు నిలవడను గూడ నిలవడలే, నడుచుకుంటనే 'మేలో పెట్టేద్దాం' అన్నడు. 'అవును... సార్' అన్నడు బుచ్చిబాబు. సోమవారం మేడం మస్తు కొట్లాడింది. గా దినం చాయ్ నేనే పట్కపోయిన. 'ఒక్క ఎండకాలం సార్, గింతే అడుగుతున్న' అంటున్నది. సారు కిటికీ దిక్కు చూస్తున్నడు. ఆత్రేయ నోరు జారిండు, 'ఇన్విటేషన్ కార్డులు ప్రింటింగుకి వెళ్ళిపోయాయి మేడం' అని. ఆమె బిత్తరపోయింది. 'ఎప్పుడు పోయినయి? మనం ఇప్పుడే గద మాట్లాడుతున్నం?' అన్నది. బుచ్చిబాబు బిస్కెట్టు తెగి చాయ్‌ల పడ్డది, దాన్ని చెంచతోని ఏరుకుంట కూసున్నడు. సారు మెల్లగ అన్నడు, 'మరి అందరూ ఒప్పుకున్నట్టేగా?' నేను గ్లాసులు పట్టుకొని బయటికొచ్చిన.

మే నెలల పెట్టిండ్రు. ఎండ ఎట్ల కొట్టిందో చెప్పలేను. డబ్బాలు నాచారంకెల్లి ట్రాలీల వచ్చినయి, టార్పాలిన్ కింద ఉడికి ఉడికి. ఆడిటోరియం నిండింది. సర్పంచులు, పంతుళ్లు, సారుతోటి పనిచేసిన ప్రొఫెసర్లు, పేపరోళ్లు. సారు తెల్లటి అంగి వేసుకొని పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నడు. డబ్బా తెరిచి చూపిస్తుంటే ముందటి వరుసకెల్లి ఒకాయన లేచిండు. ఇన్నయ్య అని, నల్లగొండ దిక్కు ఒక ఊరి సర్పంచి. 'సార్, మా బోరు నీళ్లు తెచ్చిన, జర ఇవి చూడుండ్రి' అని సీస ఇచ్చిండు. సారుకు కావాల్సింది గదే. గొట్టంల పోసిండు, చుక్కలేసిండు, గులాబి రంగొచ్చింది. అందరు మెడలు చాపి చూస్తున్నరు. రంగు గట్లనే నిలిచింది. సారు నవ్వుకుంట మైకుల అన్నడు, 'మీ నీళ్ళు బంగారమండీ, నిశ్చింతగా తాగండి.' చప్పట్లు కొట్టిండ్రు. ఇన్నయ్య కూసోలే, చప్పట్లు ఆగేదాక నిలవడ్డడు. ఆగినంక అన్నడు, 'సార్, ఈ నీళ్లు తాగే నా బిడ్డ కాళ్లు వంకరవోయినయి. దవాఖానల రాసిచ్చిండ్రు. మంచియంటరా?' లొల్లి చేయలే. నిజంగనే అడిగినట్టు అడిగిండు.

నువ్వైతే ఏం జేస్తవు గప్పుడు? ఆఁ, గదే. తప్పు నాది, నేనే తొందరవడ్డ అంటవు. అనుడు అల్కగనే ఉన్నది గద, ఈడ చెట్టు కింద కూసొని. సారు మైకు పట్టుకొని అటు చూసిండు, ఇటు చూసిండు. గోడ పక్కన రాజశ్రీ మేడం కనవడ్డది. 'మా క్వాలిటీ హెడ్ డాక్టర్ రాజశ్రీ గారు ఇక్కడే ఉన్నారు. ఇది ఆవిడ బాధ్యత. ఆవిడే సమాధానం చెబుతారు' అన్నడు. అని మైకు పక్కకు పెట్టి కూసున్నడు బిడ్డా. కూసున్నడు! కాళ్లు వంకరవోయిన పోరగాండ్లను చూసి నౌకరి ఇడిసిన మనిషి, గా పోరగాని నాయిన ముందట ఆడిమనిషిని నిలవెట్టి తను ఎన్కకు కూసున్నడు. ఎన్క నిలవడ్డ నాకు తల ఏడ పెట్టుకోవాలనో సమజ్ కాలే. ఆమె వచ్చింది. ఇప్పుడు పేలుతది, వద్దంటే విన్లే వీళ్లు అని అందరి ముందట ఇజ్జత్ తీస్తది అనుకున్న. ఆమె సారు దిక్కే చూడలే. మైకు గూడ ముట్టలే. వేదిక దిగి ఇన్నయ్య ముందటికే పోయి అన్నది, 'అన్నా, నీ నీళ్లు చెడ్డయే. మా మందే తప్పు. ఈ డబ్బాలల్ల ఒక్కటి గూడ మీ ఊర్లకు రాదు, నాది మాట.' ఇన్నయ్య దండం పెట్టి సీస మూత పెట్టుకున్నడు. తెల్లారి పేపర్ల ఆమె పేరే వచ్చింది, తప్పంత ఆమెదే అన్నట్టు. డబ్బాలు మాత్రం మల్ల షెడ్డుకే మళ్లినయి, ఒక్కటి గూడ ఊర్లకు పోలే, గామె పోనియ్యలే.

రెండు మూడు దినాలకు సారు మా ఇంటికొచ్చిండు. గడ్డం మాసింది. 'గోల్నాక తీసుకెళ్తారా రాజలింగం గారూ? కారులో దిగలేనండీ ఆవిడ గుమ్మంలో' అన్నడు. నా పాత చేతక్ స్కూటర్ మీద ఎక్కించుకున్న. అంబర్‌పేట్ మార్కెట్ కాడ ట్రాఫిక్కుల ఇరికినం. పండ్లు కొందామా సార్ అంటే, 'పండ్లు పట్టుకెళ్ళే మొహమా ఇది' అన్నడు. మేం పోయేసరికి ఆమె అత్తకు అన్నం తినవెడుతున్నది. లేవలే. 'కూసోండ్రి సార్' అన్నది, అత్త మూతి తుడుచుకుంటనే. సారు కూసోలే. 'తప్పు చేశానమ్మా. అందరి ముందూ నీ మీదకి తోసేశాను. పేపరు వాళ్ళకి నేనే చెబుతాను' అన్నడు. ఆమె అన్నది, 'మాట పడుడు నాకేం కొత్త గాదు సార్. ఒక్కటి చెప్పుండ్రి. మేల పెట్టాలని ఏడ అనుకున్నరు?' సారుకు అబద్ధం రాలే. 'లా కాలేజి మలుపు దగ్గర' అన్నడు. ఆమె చేతుల ముద్ద గట్లనే ఆగింది. 'ఇంకేమేం అనుకున్నరు గాడ?' 'అన్నీ అమ్మా' అన్నడు. 'మొదటి నుంచీ.' గప్పుడు ఏడ్చింది. ఆడిటోరియంల ఏడ్వనిది గాడ ఏడ్చింది. 'ఇన్నేండ్ల సంది ప్రతి సోమవారం నేను ఎవరితోటి కొట్లాడిన సార్? నాకే తెల్వదనుకొని నన్ను నేనే తిట్టుకుంటి గద! మీటింగు రోడ్డు మీదనే అయిపోతే, రోడ్డు మీద నాకు కుర్చీ ఏడికెల్లి వస్తది?' అన్నది. ముసలామెకేం సమజైందో ఏమో, మంచం మీదికెల్లి మంచిగున్న చెయ్యి చాపి కోడలి కొంగు పట్టుకున్నది. మేం ఎట్ల బయటవడ్డమో నాకు యాదికి లేదు. తొవ్వల ఒక చాయ్ హోటల్ కాడ బండి ఆపమన్నడు. చాయ్ చెప్పిన, ముట్టలే, అట్లనే మీగడ కట్టింది. 'సిగ్గుగా ఉందండీ. ఆవిడ ముందు కాదు, నా ముందు నాకే సిగ్గుగా ఉంది' అన్నడు.

ఆమె రాజీనామా ఇచ్చి కాచిగూడ దిక్కు ఒక కాలేజిల పాఠాలు చెప్పుడు పట్టింది. తప్పు నాదే అని సారు పేపరోళ్లకు చెప్పిండు, లోపలి పేజీల గింతంత వేసిండ్రు, ఎవరు చూస్తరు? నడక బందువెట్టిండు. ఆత్రేయ, బుచ్చిబాబు బూట్లేసుకొని గేటు కాడికొస్తే, 'ఆఫీసులోనే మాట్లాడుకుందామండీ, అందరం కూర్చుని' అని తలుపేసుకున్నడు. మీటింగుల ఇగ ముందుగాల నోరు తెరువడు. 'మీరు చెప్పండి, నేను చివర్లో చెబుతాను' అంటడు. వీళ్లిద్దరికి ఏం చెప్పాలనో తెల్వదు! సారు మనసుల ఏమున్నదో తెలిస్తే గద అవును అనేటందుకు. ఆత్రేయ బుచ్చిబాబు ముఖం చూస్తడు, బుచ్చిబాబు బిస్కెట్టు ముఖం చూస్తడు. నాకు నవ్వొస్తుండె, సారుకు రాకుండె. 'మొదట్లో వీళ్ళిలా లేరండీ, నేనే ఇలా చేశాను' అంటుండె. కొత్తోళ్లను తెచ్చిండు, వాళ్లు గూడ రెండు నెల్లల తలకాయూపుడు నేర్చుకున్నరు. నన్ను ఆమె దగ్గరికి పంపిండు. పోయిన. చాయ్ పోసింది, మంచిగ మాట్లాడింది. 'సార్ మీద కోపం లేదు లింగన్నా. గని మల్ల గా మెట్లెక్కాలంటే కాళ్లు వస్తలేవు' అన్నది. గదే మాట వచ్చి చెప్పిన. 'న్యాయమేనండీ' అన్నడు. గప్పటికెల్లి ఈ బల్ల మీద కూసునుడు షురువైంది. ఎవరన్న గుంపుగ ఆఫీసు ముచ్చట్లు పెట్టుకుంట నడుస్తుంటే, 'ఎవరిని వదిలేసి వచ్చారో పాపం' అంటుండె. లేచి పోయి చెప్పబోతుండె, నేనే అంగి పట్టి గుంజి కూసోవెడుతుంటి, పిచ్చోడనుకుంటరు సార్ అని.

మెట్రో నడవకముందే పోయిండు. గుండె ఆగింది, నిద్రలనే. ఇంటి ముందట మంది కిక్కిరిసిండ్రు. రాజశ్రీ గూడ వచ్చింది, సారు కాళ్ల కాడ దండం పెట్టి పక్కకు నిలవడ్డది. గల్లీ ఇరుకు, వ్యాను మూల మీదనే ఆగింది, అక్కడిదాక పాడె మోసుకపోవాలె. నేను ఎన్క నడుస్తున్న, ఆమె నా పక్కన. మా ముందట ఆత్రేయ, బుచ్చిబాబు. మేం ఎన్కున్నది వాళ్లకు తెల్వదు. మోసేటోళ్లు జల్ది జల్ది నడుస్తున్నరు, వీళ్లు గూడ గదే నడక. ఆత్రేయ అంటున్నడు, 'అయితే నేను ఎండీ, మీరు డైరెక్టరు. నాచారం షెడ్డు అమ్మేద్దాం. సోమవారం మీటింగులో అందరికీ చెప్పేద్దాం, ఏమంటారు?' బుచ్చిబాబు తువ్వాలతోని మెడ తుడుచుకుంట, రొప్పుకుంట అన్నడు, 'అవును... సార్.' నాకు తల కొట్టేసినట్టైంది. ముందట సారు పోతున్నడు, నలుగురి భుజాల మీద. రాజశ్రీ నడుస్తున్నదల్ల ఆగిపోయింది. నేను గూడ ఆగిన. పాడె మూల తిరిగేదాక చూసి, మెల్లగ అన్నది, 'లింగన్నా, ఇయ్యాల సారుకు గూడ కుర్చీ లేదు.'

ఏందే, గట్ల చూస్తున్నవ్? ఆఁ... అగో, మల్ల మోగుతున్నది. నిరోషనే గద. ఎత్తు బిడ్డా. నేను గా బండి కాడ చాయ్ చెప్పొస్త.